అనకాపల్లిలో రెండు మడ్‌గార్డులు

సామర్లకోట స్టేషన్లో పొద్దున్న ఆరూ ఇరవైకి విశాఖ వెళ్ళే పాసింజరు ఎక్కాం, నేనూ మా సూర్యం అన్నయ్యా. మాతోపాటు పాత దుప్పట్లో చుట్టి కొబ్బరితాడుతో కట్టిన మడ్‌గార్డు ఒకటి. మా నాన్నగారి అంబాసిడర్ కారుకి ముందు ఎడమ చక్రం మీద ఉండేది. ముట్టుకుంటే చేతికి తుప్పు అంటుకుంటోంది.

నాన్నగారు పోయాక ఆ కారు షెడ్డులోనే ఉండిపోయింది. నేను కిందటేడు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. అన్నయ్య అంతకు ముందే రైసుమిల్లు గుమాస్తాగిరీ మానేశాడు. తుక్కు కింద అమ్మడానికి ఇద్దరికీ మనసొప్పక, బాగుచేయిద్దామని మొదలుపెట్టాం. ఇంజను పని అయిపోయింది. మిగిలింది రేకు. ఆ కార్ల భాగాలు కంపెనీ నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయింది. మా మెకానిక్కే చెప్పాడు, అనకాపల్లిలో ఒకాయన పాత కార్లకి అచ్చం అసలువాటిలాగే కొత్త మడ్‌గార్డులూ డిక్కీ మూతలూ చేసి అమ్ముతాడని. "పాతది కూడా పట్టుకెళ్ళండి. ఆ కార్లకి మోడలు మారినప్పుడల్లా వంపు మారింది. చూపిస్తే సరైనది ఇస్తాడు" అన్నాడు.

పెట్టెలో జనం పల్చగానే ఉన్నారు. మడ్‌గార్డుని ఎదురు సీటు కింద తోశాం, సగం బయటికే ఉంది. తునిలో తమలపాకుల బుట్టతో ఒకావిడ ఎక్కి దానికి కాలు తగిలించుకుంది.

"ఏటమ్మా ఇది, తొట్టా?"

"కారు మడ్‌గార్డు."

"ఇది లేకపోతే కారు నడవదా?"

"నడుస్తుంది. బురదంతా మన మీద పడుతుంది."

ఆవిడ నవ్వి, బుట్ట సర్దుకుని, "నువ్వే నడుపుతావా కారు?" అంది.

"లేదండీ. చిన్నప్పుడు ఒక్కసారి నడిపి కల్వర్టు గోడకి కొట్టాను. అదిగో, ఆ మడ్‌గార్డే."

అన్నయ్య కిటికీ బయటికి చూస్తున్నాడు.

అది చిన్న మాటగా చెప్పాను గానీ, చిన్న విషయం కాదు. అప్పుడు నాకు ఇరవై ఒకటి. అన్నయ్యే కాలవగట్టు మీద నాకు డ్రైవింగు నేర్పాడు. ఒక ఉదయం ధైర్యం చేసి ఒక్కదాన్నే తీశాను. మలుపులో గోడకి కొంచెం రాసుకుంది, అంతే. మడ్‌గార్డు ఊడి టైరులో ఇరుక్కుంది. కారు కాలవ అంచుదాకా జారి ఆగింది. నాన్నగారు వచ్చి చూసి, "నీ చేతుల్లో ఏదో లోపం ఉందే అమ్మా. ఇంత చిన్న గోడకి ఇంత దెబ్బ ఎలా కొట్టావు?" అన్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. చేతుల్లో లోపం అన్న మాట ఉండిపోయింది. ఉద్యోగంలో స్కూటరుకి లోను ఇస్తామన్నా తీసుకోలేదు. ముప్పై ఏళ్ళు బస్సుల కోసం నిలబడి ఊళ్ళు తిరిగాను.

తొమ్మిదింటికి అనకాపల్లిలో దిగాం. స్టేషను బయట ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాం. మడ్‌గార్డుకి కూడా ఒక సీటు డబ్బులు కలిపి అడిగాడు ఆటో అతను. న్యాయమే, అది సీటంతా ఆక్రమించింది. బెల్లం మార్కెట్ వైపు వెళ్ళే రోడ్డంతా దిమ్మలు దించుతున్న బళ్ళు. ఆ తీపి వాసన ఆటోలోకి వచ్చి, దిగేదాకా మాతోనే ఉంది.

మా మెకానిక్కు చెప్పిన అప్పలరాజు గారి షెడ్డు ఊరి చివర, పాత ధాన్యం గోడౌన్ల వెనక. బోర్డు లేదు. సుత్తి చప్పుడు బట్టి వెతుక్కోవాలి. ఆయనకి డెబ్బై ఉంటాయి. మనిషి సన్నం, ముంజేతులు మాత్రం లావు. గోడకి వరసగా ఎర్ర ప్రైమరు కొట్టిన మడ్‌గార్డులు, తలుపు అడుగు రేకులు, బానెట్లు వేలాడుతున్నాయి. కింద చెక్క అచ్చులు, ఇసక సంచులు.

"మా అయ్య బెల్లం పెనాలు సేసేవోడమ్మా" అన్నాడు మాకు స్టూళ్ళు వేస్తూ. "నేనూ అదే నేర్సుకున్నాను. పెనానికి ముడత ఉండకూడదు. ఉంటే పాకం అక్కడ మాడిపోద్ది. ఆ సెయ్యే దీనికీ పనికొచ్చింది. ఇప్పుడు హైదరాబాదు నించీ మద్రాసు నించీ వత్తన్నారు."

మేం తెచ్చినది విప్పి బల్ల మీద పెట్టాడు. లైటు బిగించే గుండ్రం దగ్గర కొలిచి, గోడ మీద నుంచి ఒకటి దించి పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకుని రెండింటి అంచులనీ వేళ్ళతో తడిమాడు. కాదన్నాడు. ఇంకొకటి దించాడు. అది సరిపోయింది. తర్వాత బోల్టు పట్టే చోటు చూసుకోవడానికి పాతదాన్ని తిరగేసి, గీకుడు బ్లేడుతో రంగు తీశాడు. తీస్తూ తీస్తూ ఆగాడు.

"దీనికి రెండు దెబ్బలున్నాయి" అన్నాడు.

"ఒకటేనండీ. నేను కొట్టిందే" అన్నాను.

"కాదమ్మా, సూడండి." నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. బ్రాకెట్టు దగ్గర జానెడు పొడుగున పసుపు గీత. "ఇత్తడి వెల్డింగు. ఇక్కడ రేకు పూర్తిగా సిరిగిపోతే అతికేరు. పైన పుట్టీ ఏసేరు. ఆ పైన ఈ మీగడ రంగు. ఆ మీగడ రంగు పగిలింది సూసేరా, అది రెండో దెబ్బ. సిన్నది. ఆ పైన తెల్ల రంగు. మొదటి దెబ్బ పెద్దది. అతుకు సరిగ్గా ఎయ్యలేదు. సెయ్యి ఆనిత్తే ఊడిపోయేలా ఏసేరు."

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నేను నడిపిన రోజున కారు రంగు మీగడ రంగు. తెల్ల రంగు వేయించింది నా ప్రమాదం తర్వాత. అంటే మీగడ రంగు కింద ఉన్న అతుకు నాకంటే ముందుది.

అన్నయ్య వైపు చూశాను. గోడ మీద బానెట్లు లెక్కపెడుతున్నవాడిలా నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మాకు కావలసిన కుడివైపుది కూడా అదే మోడల్లో ఎంచి, బోల్టు రంధ్రాలు వేసి ఉంచుతానన్నాడు అప్పలరాజు గారు. "భోంచేసి రండి. రెండింటికి రెడీగా ఉంటాయి." రెండూ కలిపి ఇరవై రెండు వేలు చెప్పి, వెయ్యి తగ్గించాడు.

బస్టాండు దగ్గర మెస్సులో కూర్చున్నాం. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు, పెరుగు. పప్పులో నెయ్యి వేసుకున్నాను.

"నువ్వేనా?" అన్నాను.

"నేనే. నీకంటే ఇరవై రోజుల ముందు. ఎద్దుబండికి కొట్టాను. నాన్న ఊళ్ళో లేరు. నాలుగు రోజుల్లో చవగ్గా అతికించి రంగు వేయించేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు చెబుదామనే అనుకున్నాను వరా. నాన్న నీ చేతుల గురించి ఆ మాట అన్నారు. అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. మర్నాటికి ఇంకా కష్టమైపోయింది. తర్వాత నీకు పెళ్ళైంది, ఉద్యోగం వచ్చింది. నువ్వు మర్చిపోయావనుకున్నాను."

"నేను తాళ్ళూరు జంక్షన్లో వానలో బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా నా చేతులు చూసుకునేదాన్ని అన్నయ్యా."

అన్నయ్య అన్నం కలపడం ఆపేశాడు. చారు పోయడానికి వచ్చినతనికి చెయ్యి అడ్డుపెట్టాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం. లేచి రైలెక్కి ఒక్కదాన్నే వెళ్ళిపోదామనిపించిన మాట కూడా నిజం. కానీ దానికింద ఇంకేదో తేలిగ్గా ఉంది. ఆ గోడకి నేను కొట్టింది చిన్న దెబ్బే, ఊడింది అన్నయ్య వేయించిన అతుకు. నేను అప్పుడు అదే చెప్పాను, ఎవరూ నమ్మలేదు, చివరికి నేనూ నమ్మడం మానేశాను. పెరుగన్నం పూర్తిగా తిన్నాను. అన్నయ్య విస్తరి మడిచేశాడు.

రెండింటికి షెడ్డుకి వెళ్ళేసరికి మడ్‌గార్డులు పాత గోనెలు చుట్టి సిద్ధంగా ఉన్నాయి. రైల్లో అవి నొక్కుకుపోతాయని, సామర్లకోట వైపు ఖాళీగా వెళ్తున్న చిన్న ట్రాలీ బండి ఒకటి అప్పలరాజు గారే మాట్లాడిపెట్టాడు. డ్రైవరు నూకరాజుది కోటవురట్ల అనే ఊరు. పాతిక దాటని కుర్రాడు.

"పాతది తీసుకెళ్తారా?" అని అడిగాడు అప్పలరాజు గారు.

అన్నయ్య నా వైపు చూశాడు.

"ఉంచండి. లైటు దగ్గర వంపు బాగానే ఉందిగా, మీకు అచ్చుకి పనికొస్తుంది" అన్నాను.

ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. నేను మధ్యలో. నూకరాజు గేరు మార్చినప్పుడల్లా మోకాళ్ళు పక్కకి తిప్పుకోవాల్సి వచ్చింది. దాంతో క్లచ్చు తొక్కడం, వదలడం దగ్గర్నుంచి చూశాను. యలమంచిలి దాటాక ఉప్మాక వెళ్ళే మలుపు దగ్గర టీకి ఆపాడు. అక్కడ అన్నయ్య మూడు టీలు తెచ్చి, నాది చల్లారకుండా పైన సాసరు మూసి ఇచ్చాడు. పుచ్చుకున్నాను.

తుని దాటిన తర్వాత ఒకచోట అన్నయ్య, "బాబూ, కొంచెం నెమ్మదిగా పోనీ" అన్నాడు. నూకరాజు ఎడమ వైపుకి తీశాడు.

"ఇక్కడే" అన్నాడు అన్నయ్య నాతో. "అప్పుడు ఇటూ అటూ చింతచెట్లు ఉండేవి. బండివాడికి ఏమీ కాలేదు. ఒక ఎద్దు కాలు కుంటింది. వాడికి డబ్బిచ్చి దణ్ణం పెట్టాను. నీకు మాత్రం చెప్పలేకపోయాను."

ఇప్పుడక్కడ నాలుగు వరసల రోడ్డు, మధ్యలో గన్నేరు మొక్కలు. చూడ్డానికి ఏమీ లేదు. అయినా దాటిపోయేదాకా చూశాను.

"ఏటి మామా, ఏదైనా పడిపోయిందా?" అన్నాడు నూకరాజు.

"లేదు బాబూ, పోనీ."

అన్నవరం కొండ కనిపించేటప్పటికి ఎండ మెత్తబడింది. "కారు రెడీ అయ్యాక నీకు మళ్ళీ నేర్పనా?" అన్నాడు అన్నయ్య. చాలాసేపటి నుంచి ఆ మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు.

"వద్దు. డ్రైవింగు స్కూల్లో చేరతాను. నువ్వు పక్కన కూర్చుంటే నాకు రాదు."

"సరే. నన్ను ఎక్కించుకుంటావా మరి?" అన్నాడు.

"ఎక్కించుకుంటాను. వెనక సీట్లో."

నూకరాజు నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు గానీ, తల ఊపాడు.

ఆరింటికి ఇల్లు చేరాం. బండి కిరాయి మూడు వేలు, టీలు అన్నయ్యవి. అనకాపల్లి వెళ్ళి రేకు భాగాలు కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పాతదాన్ని తప్పకుండా పట్టుకెళ్ళండి, రంగు గీకకుండా పట్టుకెళ్ళండి. ఒక రోజులో పని అయిపోతుంది. నాకు ఆ ఒక్క రోజు ప్రయాణంలో రెండు మడ్‌గార్డులు దొరికాయి. నా చేతులు కూడా బాగానే ఉన్నాయని తెలిసింది.