భోజన్న మామ తాజా కల్లు

మా భోజన్న మామకు ఒక్కటే పిచ్చి. కల్లు చెట్టు దిగంగనే తాగాలె. దిగినంక ఇరవై అడుగులు నడిచొచ్చిన కల్లును ఆయన ముట్టడు. "పాతది" అని మొఖం తిప్పుకుంటడు.

మామ నాందేడ్ ఎస్టీ బస్సు స్టాండుల కంట్రోలర్‌గ ముప్పయ్యేండ్లు చేసి, తొంభై అయిదుల రిటైరయిండు. ముప్పయ్యేండ్లల ఒక్క బస్సునన్న టైముకు పంపిండా అని గిట్టనోళ్లు అడుగుతరు. ఆ కసంత ఇప్పుడు కల్లు మీద తీర్చుకుంటున్నడని మా ఉమాబాయత్త అంటది.

దసరా పోయి చలి మొదలైతే ఈత చెట్లు గీస్తరు. ఇగ ఆ నాలుగు నెలలు మామ ఇంట్ల తెల్లారదు. కోడి కూయకముందే మఫ్లరు చుట్టుకొని, లూనా తీసి, నాయ్‌గావ్ రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు పోయి, వాగొడ్డున కల్లు గీసే సంగన్న చెట్ల కింద నిలబడతడు. సంగన్నకు తొమ్మిది చెట్లు. తొమ్మిదింటికీ మామ పేర్లు పెట్టిండు. ఎంత పొద్దెక్కినా లొట్టి కుండ నింపనిది తహసీల్దార్. వంకర లేకుంట నిలబడ్డది హెడ్‌మాస్తర్. ఎవ్వలొచ్చినా ఇంత పోసేది సుందరబాయి. సుందరబాయి అంటే మా అమ్మమ్మ పేరు. అందుకని ఆ చెట్టు కల్లు తాగేముందు చెప్పులిడుస్తడు.

ఈ పిచ్చి కల్లుతోటే ఆగితే బాగుండు. భోకర్‌ల ఒక పెండ్లికి పోయినం. చాయ్ ఇస్తే, పొయ్యి మీదికెంచి ఎప్పుడు దించిండ్రని అడిగిండు. అర్ధగంటైందన్నరు. కప్పు కింద పెట్టి, కల్లు తాగేటోని నాలుక ఖరాబైతదని పెండ్లి పెద్దలకు పావుగంట సేపు చెప్పిండు. ఆ పావుగంటల మిగతోళ్ల చాయ్ గూడ సల్లారిపోయింది.

మామ బిడ్డ ప్రతీక్షను హిమాయత్‌నగర్‌ల ఇచ్చిండ్రు. వియ్యంకుడు దిగంబర్ ఒకసారి ప్రేమతోని ఒక లొట్టి కల్లు తెచ్చిండు. ఎస్టీ బస్సుల, ఒళ్లె పెట్టుకొని, ఒక్క చుక్క ఒలకకుంట. మామ ఏ చెట్టుదని అడిగిండు. ఎప్పుడు దించిండ్రని అడిగిండు. దిగంబర్ ఆరింటికి అన్నడు. గోడ గడియారం పదిన్నర చూపెడుతున్నది. మామ లేచి, లొట్టికి రెండు చేతులెత్తి దండం పెట్టి, తీస్కపోయి నిమ్మచెట్టు మొదట్ల పోసిండు. దిగంబర్ యేడాది మాట్లాడలేదు. నిమ్మచెట్టు మాత్రం ఆ యేడు మస్తు కాసింది.

నేను గజానన్, మామకు మేనల్లుణ్ణి. బడిల సైన్సు చెప్త. కల్లు తాగను. కని ఒక మనిషి నాలుకకు ఇంత తెలివి ఎట్లొస్తదో చూడాలని నాకు మనసు మహా గుంజింది. ఒక ఐతారం వెంబడి పోయి, మోదుగాకు దొప్పలు మూడు పెట్టి, కండ్లు మూసుకొమ్మన్న. మామ మొదటి దొప్ప వాసన చూసి, పుక్కిలించి, మింగి, తహసీల్దారే, అనుమానం లేదన్నడు. అది హెడ్‌మాస్తర్‌ది. రెండోది సుందరబాయి అని చెప్పులిడిసిండు. అది తహసీల్దార్‌ది. మూడో దొప్పల నేను సంగన్న భార్య రఖమాబాయిని ఇంటికాడ అడిగి తెచ్చిన నిన్నటి కల్లు పోసిన. పులిసి, దగ్గరికి పోతేనే ముక్కు మండుతున్నది.

మామ గటగట తాగి, "ఇది సూడు, ఇప్పుడే దిగింది" అన్నడు.

నేనేం చెప్పలేదు. పెద్దమనిషి, చిన్నబోతడు. కని ఆ రోజు సంది నాకు నిద్ర పట్టలేదు. నాలుకకు ఏమీ తెల్వని మనిషి నాలుగింటికి లేచి, చలికి పండ్లు కటకటమంటుంటే వాగొడ్డుకు ఎందుకు పోవాలె? ఇంకో సంగతి గూడ చూసిన. సంగన్న చెట్టెక్కినంక మామ లొట్టి దిక్కు చూడడు. మెడ నిక్కించి పైకి చూస్తడు. రెప్ప వేయడు. నేను మాట్లాడబోతే నా నోటి మీద చెయ్యి పెడతడు.

జనవరిల మామకు మలేరియా వచ్చింది. గొంగడి కింద గజగజ వణుక్కుంట నన్ను పిలిపిచ్చిండు.

"అల్లుడా, రేపు నా బదులు నువ్వు పో."

"నేను తాగను గద మామా."

"తాగకపోతే పారవొయ్యి. సంగన్న దిగేదాక కింద నుంచి కదలకు. కండ్లు పైన పెట్టు."

ఎందుకని గట్టిగ పట్టుకుంటే అప్పుడు బయటవడ్డది. మూడేండ్ల కింద సంగన్న నడుముకున్న మోకు జారి చెట్టు మీదికెంచి పడ్డడు. తుంటి విరిగి, పొద్దుగాల సంది మిట్టమధ్యాన్నం దాక వాగొడ్డున ఒక్కడే పడి ఉన్నడు. అరిస్తే వినేటోడు లేడు. బాగైనంక రఖమాబాయి కత్తి, మోకు దాచిపెట్టింది. కింద మనిషి లేకుంట చెట్టెక్కితే ఒప్పుకోనన్నది. నలభయ్యేండ్లు చెట్లెక్కినోనికి కావలి మనిషా అని సంగన్న మొండికేసిండు. ఎవ్వలనీ రానియ్యలేదు. ఇంటి ముంగట కూసొని, చెట్ల దిక్కు చూసుకుంట, తిండి తగ్గిచ్చిండు. ఇంకో ఆరు నెలలైతే మనిషే దక్కకపోవు అన్నడు మామ.

"అప్పుడు పోయి చెప్పిన, నాకు చెట్టు కింద తాగే పిచ్చి పట్టిందని. గిరాకీ మనిషి వచ్చిండంటే కావలి అనుకుంటడా?"

"మరి దిగంబర్ మామ తెచ్చినదన్న తాగొద్దా?"

"తాగితే సంగన్న చెవుల పడదా? అబద్ధమాడితే నిండుగ ఆడాలె."

నాకు మామ మీద ప్రేమ పొంగుకొచ్చింది. నిజం చెప్త, వియ్యంకుడు యేడాది మాట్లాడకున్నా అసలు సంగతి బయటపెట్టలేదంటే మనసు కలుక్కుమన్నది.

తెల్లారి పోయిన. సంగన్న నన్ను చూసి, కంట్రోలర్ సాబ్ ఏడని అడిగిండు. జ్వరమని చెప్పిన. తాజా కల్లు రుచి నాకు గూడ తగిలిందని కోతలు కోసిన. ఆయన సరేనని ఎక్కిండు. మెడలు గుంజినా నేను రెప్ప వెయ్యలేదు. తొమ్మిది చెట్లు అయినంక దిగి, కత్తి తుడుసుకుంట నా పక్కన కూసున్నడు.

"గురుజీ, మీ మామకు కల్లు రుచి తెల్వదు. మొదటి యేడే చూసిన. ఏది పోసినా తహసీల్దార్ అంటడు."

నేను ఆయన దిక్కు తిరిగిన.

"ఎందుకొస్తుండో నాకెరుకే. ఎరుకైందని చెప్తే సిగ్గువడి మానేస్తడు. ఆయన మానేస్తే మా ముసల్ది మళ్ల కత్తి దాస్తది. నువ్వు గూడ చెప్పకు."

ఇంటికొచ్చేవరకు మామ కూసోనే ఉన్నడు. సంగన్నకు అనుమానం రాలేదు గద అని అడిగిండు. రాలేదన్న. మామ ఖుషీగ గొంగడి కప్పుకొని పండుకున్నడు.

వారానికి జ్వరం పోయింది. మామ లూనా తీస్తుంటే నేను వెనక ఎక్కిన. చెట్టు కింద ఇద్దరం మెడలు నిక్కించి నిలబడ్డం. పైకెంచి సంగన్న చూసి, ఇయ్యాల ఇద్దరా అన్నడు.

మామ మొఖంల నవ్వన్నది లేకుంట, "మా అల్లునికి గూడ నా పిచ్చే అంటుకున్నది సంగన్నా" అన్నడు.

సంగన్నకు నవ్వు ఆగలేదు. చెట్టు చెట్టంత ఊగేటట్టు నవ్విండు. మోకు కిర్రుమన్నది. కింద మేమిద్దరం ఒక్కసారే చేతులు పైకి చాపినం.