తడి లేని ప్లగ్గు

మొన్న మా ఫ్లాట్‌లో గీజరు బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు, దాని అడుగున ఉన్న ప్లగ్గు విప్పి, చుక్క కూడా రాకపోయేసరికి "కాళీయే సార్, నీల్లేవు" అన్నాడు. నాకు కాలు నిలవలేదు. మా ఆవిడ వద్దంటున్నా స్టూలెక్కి పాత సైకిల్ ఊచతో ఆ కన్నంలో రెండు పోట్లు పొడిచాను. గారకట్టిన పెచ్చు ఊడి, నీళ్లు ధారగా వచ్చి నా లుంగీ మీదే పడ్డాయి. ఈ ఊచ విద్య నాకు మా బావ పుణ్యమా అని అబ్బింది.

బావంటే మా అక్క మొగుడు. అతను నన్నూ, నేను అతన్నీ బావా అనే పిలుచుకుంటాం. ఫిషింగ్ హార్బర్‌లో అతనికి సొంత బోటుండేది. ఏటా వేసవిలో వేట నిషేధం పెట్టిన రెండు నెలలూ ఒడ్డున అతనికి ఊపిరాడేది కాదు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ మా అక్క ప్రాణం తోడేసేవాడు. నిషేధం మొదలైన రోజు మాత్రం ఒక పని తప్పనిసరి. ఇంజన్ పొగను బయటకు పంపే ఇనుప గొట్టాన్ని మానిఫోల్డు అంటారు. అది కాలిపోకుండా చుట్టూ సముద్రపు నీరు తిరుగుతుంది. ఆ నీరు లోపలే ఉండిపోతే ఉప్పు ఇనుమును తినేసి చిల్లు పెడుతుంది. అప్పుడు నీరు ఇంజన్‌లోకి దిగి, బోటు నడి సముద్రంలో ఆగిపోతుంది. అందుకని అడుగు ప్లగ్గు విప్పి నీరంతా తీసేసి, మంచినీళ్లతో కడిగి, ఆ ప్లగ్గును నూనె గుడ్డలో చుట్టి ఇంట్లో దేవుడి గూట్లో పెట్టేవాడు బావ. దాన్ని మళ్లీ బిగించాకే వేట.

ఆ ఏడు బావకు జ్వరం. స్టీలు ప్లాంటులో పనిచేసేవాణ్ణి, ఇనుము నాకు కొత్తా అని గొప్పలు పోయి నేను వెళ్లాను. షిఫ్టు బస్సు తప్పిపోతుందని ఒకటే కంగారు. ప్లగ్గు విప్పితే చుక్క రాలేదు. నీరు లేదులే అనుకుని, కడగడం కూడా ఎగ్గొట్టి, ప్లగ్గు జేబులో వేసుకుని వచ్చేశాను. బావ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి "ఎంత నీరొచ్చింది బావా?" అన్నాడు. బకెట్ నిండా అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మర్నాడు ప్లాంటులో ఒక మెకానిక్కు మాటల్లో చెప్పాడు, కన్నానికి తుప్పు అడ్డం పడితే నీరు లోపలే ఉండిపోతుందని. ఇక నా పని అయిపోయింది. అన్నం ముందు కూర్చున్నా ఆ ఉప్పునీరే గుర్తొచ్చేది. చెప్పేద్దామని రెండుసార్లు అక్క ఇంటికి వెళ్లి, గూట్లో ప్లగ్గు వైపు చూడలేక, టీ తాగి, ఎండల గురించి మాట్లాడి వచ్చేశాను. పన్నెండో రోజు ఇక ఆగలేక, ఎవరికీ చెప్పకుండా సైకిల్ ఊచ పట్టుకుని హార్బర్‌కి వెళ్లి, బోటులో దూరి, ఆ కన్నంలో పొడిచాను. ఏమీ రాలేదు. ఇంకా లోతుకు పొడిచాను. ఊచ శుభ్రంగా బయటికొచ్చింది. అప్పటికే చిల్లు పడి నీరంతా కారిపోయిందేమోనని ఇంజన్ కిందంతా చేత్తో తడిమి చూశాను.

"ఏటి బావా, ఎతుకుతన్నావ్?"

ఎప్పుడొచ్చాడో, పైన వల బాగుచేసుకుంటూ బావ. దాచడం ఇక నా వల్ల కాలేదు, అంతా కక్కేశాను. అతను చేతిలో పని ఆపలేదు.

"నాను ఆ సాయంత్రమే వచ్చి పొడిసి తీసేసాను. బకెట్‌డు నీరొత్తే ప్లగ్గుకి తడి ఉండదేటి?"

"జ్వరంతోనా? మరి నాతో అనలేదేం?"

"నువ్వే సెప్తావని సూత్తన్నాను."

ఒళ్లు కాలిపోతున్న మనిషి నా అబద్ధం వెనకాలే వచ్చి ఇంజన్ కిందికి దూరాడు, ఆ తర్వాత నేను వెళ్లిన రెండుసార్లూ నాకు నవ్వుతూ టీ ఇప్పించాడు. ఆ ఉప్పునీరు ఇనుములో ఒక్క పూటే నిలిచింది, నాలో పన్నెండు రోజులు. దాని తడి మాత్రం ఇన్నేళ్ల ఎండలకీ ఆరలేదు.