తువాలు కింద పన్నెండేళ్లు

మా ఆసుపత్రిలో నా కింద పనిచేసే నర్సు భాగ్యవతి దరఖాస్తు చూసి నాకు ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్లుగా ఆగిరిపల్లిలో నర్సుని, ఎన్నో కాన్పులు చూశాను గానీ ఇంత పెద్ద అబద్ధం పుట్టడం ఎన్నడూ చూడలేదు. పక్కన డాక్టరు లేకపోయినా మామూలు కాన్పులు సొంతంగా చేసే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి పెట్టుకుంటోంది. నర్సింగుకి ముందు ఏం చేశారన్న చోట, పన్నెండేళ్లకీ కలిపి "ఇంటిపని" అని రాసింది!

"ఏమే, అన్నేళ్లూ వంటింట్లోనే ఉన్నావా?" అన్నాను.

"మామిడి బేరాలని రాస్తే నవ్వరా అక్కా? ఈ ఏడు తప్పితే నాకు వయసు దాటిపోతుంది. మళ్లీ పెట్టుకోడానికి కూడా ఉండదు" అంది, కళ్లనిండా నీళ్లతో.

నూజివీడులో వాళ్ల నాన్న కృష్ణమూర్తిగారిది మామిడి కమీషన్ కొట్టు. అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ తువాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పక్కవాణ్ణి బోల్తా కొట్టించడానికి నోటితో మాత్రం ఇంకో అంకె అరుస్తారు. ఆయన కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయాక, కూతురు ఆ తువాలు కింద చెయ్యి పెట్టింది. ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడానికి షావుకార్లు మొదట సిగ్గుపడ్డారు. ఈవిడగారి బేరం రుచి చూశాక సిగ్గుపడే తీరిక వాళ్లకి దొరకలేదు. మంచాన పడ్డ నాన్నకి సేవ చేసీ చేసీ, ఆయన పోయాక ముప్పయ్యో ఏట నర్సింగులో చేరింది. చుట్టాలంతా ఈ వయసులో పలకా బలపమా అని నవ్వారు.

నేను కొత్త ఫారం తెప్పించి, పక్కన కూర్చుని మరీ రాయించాను: మామిడి బేరాలు, తువాలు కింద, పన్నెండేళ్లు.

ఇంటర్వ్యూకి విజయవాడ తోడు వెళ్లాను. లోపల జరిగింది తిరుగు బస్సులో చెప్పింది. పెద్ద మేడమ్ సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగిందట.

"ఈ బేరాలకీ కాన్పులకీ ఏంటమ్మా సంబంధం?"

"రెండూ కంటితో చూడకుండా వేళ్లతో చెప్పేవేనండీ."

పక్కనున్నవాళ్లు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. పాఠాలు చెప్పే బొమ్మనొకదాన్ని గుడ్డ కింద పెట్టించి, గర్భద్వారం ఎంత తెరుచుకుందో చెప్పమంది. భాగ్యవతి రెండు వేళ్లతో చూసి ఆరు సెంటీమీటర్లంది.

"ఏడు కదూ? సరిగ్గా చూడు."

"ఆరేనండీ."

"ముప్పయ్యేళ్ల సర్వీసు నాది. ఏడంటున్నాను."

సీటు ఆవిడ చేతిలో ఉంది మరి. అయినా ఇది మళ్లీ చూసి, "మా కొట్టులో నోరు ఏడంటుంది, వేళ్లు ఆరంటాయి. మేం వేళ్ల మాటే ఖాయం చేస్తామండీ. మీరు కూడా భలే బేరమాడుతున్నారండీ!" అందట. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుందట.

"ఆవిడతో అంత మాటన్నావా? ప్రభువా!" అని బస్సులోనే నెత్తి కొట్టుకున్నాను.

ఫలితాలొచ్చిన రోజు మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చింది.

"రాలేదక్కా. మనకెందుకిస్తారు?"

ఇంటిపనని ఉంచినా దక్కేదేమో, నేనే దాని నోట్లో మన్ను కొట్టానని ఏడుపు లంకించుకున్నాను. అది సంచిలోంచి వాళ్ల నాన్న పాత తువాలు తీసింది. మా ఇద్దరి చేతుల మీదా కప్పి, నా చూపుడువేలు ఒక్కటే పట్టుకుని గట్టిగా నొక్కింది.

"ఒకటా? ఒకటో ర్యాంకా?" అని అరిచాను.

"ష్, నోటితో అడక్కూడదక్కా" అంది దొంగమొహంది.