బోణి చెరిపిన బాలవ్వ

కరీంనగర్ శివారులో ఇప్పుడు మూడంతస్తుల కాంప్లెక్స్ ఉన్నచోట ఒకప్పుడు ఎర్రమట్టి మైదానం. వారానికోసారి అక్కడ అంగడి కూడేది. నేత కుటుంబాల వాళ్లు తెల్లవారకముందే వచ్చి మూటలు విప్పేవారు. బాలలక్ష్మి తువ్వాళ్లు పరిస్తే, మంచులో అవి చిన్నచిన్న వెన్నెల ముక్కల్లా ఉండేవి. అందరూ ఆమెను బాలవ్వ అనేవారు.

నేల లక్ష్మీకాంతరావు దొరది. డెబ్భై ఎనిమిదిలో అక్కడ మడిగెలు, అంటే దుకాణపు గదులు, కట్టిస్తానని వచ్చాడు.

"జాగ ఖాళీ చేయించు బాలవ్వా. కట్టినంక తలా ఒక మడిగె ఇస్త. ముందుగాల నీకే."

ఆమె నమ్మింది. ఒప్పుకోని వాళ్లను తానే ఒప్పించి మూటలు ఎత్తించింది. రేకుల కప్పులతో మడిగెలు లేచాయి, అన్నీ దొర చుట్టాలకు పోయాయి. పెద్దదాంట్లో దొరే చీరల దుకాణం పెట్టాడు.

"తువ్వాళ్లమ్మెటోళ్లకు మడిగెలెందుకే?" అని నవ్వాడు.

నేతవాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారు. భర్త అంబదాస్ సిరిసిల్లలో మరమగ్గం కూలికి పోయాడు.

పొద్దున మొదటి బేరం బోణి. బోణికొచ్చిన మనిషి ఉత్త చేతుల్తో పోతే ఆ రోజు అచ్చిరాదని వ్యాపారుల భయం. ఆ భయం బాలవ్వకూ తెలుసు, తనూ అమ్మిన మనిషే. భర్త వెళ్లిన మర్నాడు దొర దుకాణం తెరవగానే ఆమె గడప ఎక్కింది. గుమస్తా కైలాసం చేత చీరలన్నీ విప్పించి, ఒక్కొక్కటీ వెలుగుకు పట్టి చూసింది.

"నచ్చలే."

"ధర నువ్వే చెప్పు అవ్వా! ఎంతకైనా తీస్కపో!"

"ధర గాదు బిడ్డా. రంగు."

"ఏ రంగు గావాలె?"

"ఇచ్చిన మాట రంగు. ఉన్నదా?"

రోజూ అంతే. దొర పోలీసును పిలిపించాడు. "చీర జూసుడు నేరమా సారూ?" అని బాలవ్వ అంటే ఆ పోలీసే నవ్వి పోయాడు. రేకులు పోయి స్లాబులు వచ్చాయి, అద్దాలు, రంగు లైట్లు వచ్చాయి. దుకాణం పై అంతస్తుకు మారింది. బాలవ్వ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. చుట్టుపక్కల దుకాణాలు కళకళలాడుతుంటే, "గాడ బోణి సచ్చింది" అని జనం దొర గడప తొక్కలేదు.

తొంభై రెండులో దొర తాళంచెవి పట్టుకుని ఎదురొచ్చాడు.

"గీ మూల మడిగె నీదే. ఇగ రాకు."

"మమ్ములందర్ని లేపితివి గద దొరా. గీ ఒక్క తాళం ఎవలెవలకు పంచాలె?"

తీసుకోలేదు. మర్నాడు మళ్లీ వెళ్లింది.

వానలకు ముందే దుకాణం మూతపడింది. ఆ రోజు బాలవ్వ షట్టర్ ముందు కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిని, చెయ్యి కడిగిన నీళ్లు గడప మీదే పోసింది.

"ఇగ రావా అవ్వా?" అడిగాడు కైలాసం.

"ఇగ నాకీడ ఏం పని?"