గురి తప్పిన బంతికి ఒక పాయింట్

అబిడ్స్‌లో ఒక బట్టల షాపు పైన మా ఆఫీసు. విదేశాల వాళ్లు రాసుకున్న పుస్తకాలు అచ్చుకు వెళ్లేముందు వాటిలో తప్పులు పట్టడం నా పని. ఈ బుద్ధి ఆఫీసులోనే ఆగితే బాగుండేది. నాంపల్లిలో టిఫిన్‌కి వెళ్లినా మెనూ కార్డు మీదికి పెన్ను తీస్తాను. మా ఆయన నాతో హోటల్‌కి రావడం ఎప్పుడో మానేశారు.

ఆ మధ్య కెనడా నుంచి ఒక ఫుట్‌బాల్ జట్టు చరిత్ర వచ్చింది. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడం, మధ్యమధ్యలో గుర్తొచ్చినట్టు తన్నడం. జట్టు తొలి కప్పు గెలిచిన మ్యాచ్ దగ్గర నాకు పేచీ వచ్చింది. ఎవరెవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో కలిపితే, మొత్తానికి ఒకటి తక్కువ. ఆ ఒక్కటీ లేకపోతే మ్యాచ్ సమానమే, గెలుపే లేదు.

"ఒక్క పాయింటే కదా మేడం, ఎవరికో ఒకరికి కలిపేయండి," అన్నారు మా ఓనరు. సాయంత్రానికి ఫైలు పంపాలని ఆయన తొందర.

నాకు ఒళ్లు మండింది. అలా కలిపేస్తే, ఆ పాయింట్ నిజంగా తెచ్చినవాడు తన జట్టు చరిత్రలోనే లేకుండా పోతాడు. "అతనెవరో తేలేదాకా పంపను," అన్నాను. ఓనరు మూతి ముడుచుకుని గడువు అడగడానికి ఫోన్ అందుకున్నారు.

నా పక్క సీటాయన సుల్తాన్ బజార్‌లో పుట్టి పెరిగిన మనిషి. చాయ్ తెప్పించుకుని, జట్టువాళ్లు పంపిన పాత వీడియో ఇద్దరం పెట్టుకున్నాం. రంగు లేదు, శబ్దం లేదు. చివరి నిమిషంలో ఒకతను బంతిని తన్నాడు. అది రెండు కర్రల మధ్య నుంచి పోవాలి. పక్కనుంచి పోయింది. అయినా అతని జట్టంతా గంతులు.

"గిదేంది మేడం! గురి తప్పింది గదా, గీళ్లేంది బరాత్‌ల ఎగిరినట్టు ఎగురుతున్రు?" అన్నాడాయన.

ఆట నిబంధనలు వెతికాం. తన్నిన బంతి గురి తప్పినా, కర్రల వెనకున్న చోటు నుంచి అవతలివాళ్లు దాన్ని బయటికి తీసుకురాలేకపోతే, తన్నిన జట్టుకి ఒక పాయింట్ ఇస్తారట.

"మా గల్లీల బాల్ పక్కింట్ల పడితే ఔటిస్తుండె. గాడ పాయింటిస్తరా! నేను గాడ పుట్టాల్సింది." ఆఫీసంతా ఒకటే నవ్వు.

వీపు మీది నంబరు పట్టుకుని పేరు కనుక్కున్నాం. గ్రూపు ఫోటో కింద తప్ప పుస్తకంలో మరెక్కడా ఆ పేరు లేదు. కెనడాకి రాస్తే, ఆయన ఉన్నారు, ఎనభై దాటాయి అని జవాబొచ్చింది. ఆయన మాట కూడా జతచేశారు: "ఆ రోజు గెలిపించింది నేనేనని పెళ్లయిన నాటి నుంచీ మా ఆవిడకి చెబుతున్నాను. బంతి పక్కకి పోవడం నా కళ్లతో చూశానంటుంది. ఆ పేజీ ముందు ఆమెకి పంపండి."

ఆ పెద్దాయన మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆయన పేరు, ఆ పాయింట్, రెండూ చేర్చి పేజీ పంపాం. మర్నాడు ఆవిడ దగ్గర్నుంచి జవాబు: "సరే, గెలిపించింది ఆయనే. ఒప్పుకున్నాను. బంతి మాత్రం పక్కకే పోయింది."

అందరికీ పైకి చదివి వినిపించాను. అందులో దిద్దడానికి నాకేమీ దొరకలేదు.