అందరూ ఒకేసారి అరిచిన ఆదివారం

ఇది రాయాలంటే నాకు భయంగా ఉంది. ఐదో తరగతి వరకే చదువుకున్నాను. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

నేను పెనుకొండలో ఒక కొరియా కుటుంబం ఇంట్లో పని చేస్తాను. గిన్నెలు, బట్టలు, ఇల్లు తుడవడం, కూరగాయలు తరగడం. ఆ ఇంటాయన ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగి. ఆయన భార్యను నేను మేడం అంటాను. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు. చాలావరకు చేతులతో చూపించుకుంటే పనులైపోతాయి. మరీ కావాలంటే ఆమె ఫోన్‌లో వాళ్ల భాషలో మాట్లాడుతుంది, ఫోన్ దాన్ని తెలుగులో చెబుతుంది.

మా అమ్మాయిని ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ల ఇంటికి ఇచ్చాం. దానికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. పుట్టపర్తి ఆసుపత్రిలో కాన్పు అయింది. మగబిడ్డ. రెండు చేతులు కలిపి పట్టుకుంటే అందులో సరిపోయేంత ఉన్నాడు. ఊపిరి అందడం లేదని అద్దాల పెట్టెలో పెట్టి ముక్కుకు గొట్టం పెట్టారు. డాక్టరమ్మ రోజూ "చూద్దాం" అనేది. బతుకుతాడని మాత్రం ఒక్కసారీ అనలేదు. అమ్మాయి ముందు నేను ఏడవకూడదు, అది ముందే బెదిరిపోయి ఉంది. అందుకని ఆసుపత్రిలో నవ్వు మొహం పెట్టుకుని తిరిగేదాన్ని. మళ్లీ పెనుకొండకు వచ్చి గిన్నెలు తోముకునేదాన్ని.

ఒక శనివారం మేడం నా మొహం చూసి ఫోన్ తీసి ఏమైందని అడిగింది, ఫోన్‌లోనే బిడ్డ సంగతి చెప్పాను. "రేపు మా ప్రార్థనకు రండి" అని ఫోన్ తెలుగులో చెప్పింది. నేను తల ఊపేశాను. తర్వాత గుబులు పట్టుకుంది. ఇంటికి పోయి చెబితే మా ఆయన పెద్దగా పట్టించుకోలేదు. గొర్రెలను దొడ్లోకి తోలుతూ, "పోతే పో. ఎవురికి చెప్పుకుంటే ఏముండాది, బిడ్డ బాగుంటే చాలు" అన్నాడు.

మా అత్త ఊరుకోలేదు. "మారెమ్మకు మొక్కుకోని, ఇప్పుడు ఇంగో దేవుని కాడికి పోతాండావా? ఆయమ్మకు కోపం రాదా? బిడ్డ పెట్టెలో ఉండాడు, అది మతిలో పెట్టుకో" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. నేను పోయినందుకే బిడ్డకు ఏదైనా అయితే? పోకపోవడం వల్లనే అయితే? ఎటు ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను.

పొద్దున్నే అమ్మాయి అత్తగారు పెట్టిన పట్టుచీర కట్టుకుని, సంచిలో టెంకాయ పెట్టుకుని మేడం ఇంటికి పోయాను. మేడం వాళ్ల కారు నడిపేది మా ఊరు రొద్దం మనిషే. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమక్కా, పెండ్లికి పోతాండామా?"

"దేవుని కాడికి పాత చీర కట్టుకోని వస్తారా?"

"సరే కానీ, ఆడ నీకు ఒక్క ముక్క అర్థం కాదు. నిద్ర మాత్రం పోవద్దు, మన ఊరి పరువు తీస్తావు."

హిందూపురంలో ఒక బిల్డింగు పైఅంతస్తులో హాలు. చెప్పులు మెట్ల కాడ వదిలి పైకి పోయాను. చూస్తే అందరూ బూట్లతోనే ఉన్నారు. విగ్రహం లేదు, దీపం లేదు. గోడ మీద శిలువ, ముందర కుర్చీలు. టెంకాయ ఎవరికివ్వాలో తెలియలేదు, కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. వాళ్లు లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. పాటలు మెత్తగా ఉన్నాయి. అంతా నెమ్మదస్తులు. ఇంతేనా అని కొంచెం ధైర్యం వచ్చింది.

అంతలో ముందు నిలబడిన పెద్దాయన ఏదో చెప్పాడు. అందరూ తిరిగి నా వైపు చూశారు. కొంగు భుజం మీదికి లాక్కుని తల దించుకున్నాను. అంతే, హాలంతా ఒకే మాట పెద్దగా అరిచింది. ఆపై ఎవరికి వాళ్లు గట్టిగా, ఒకరి మాట ఒకరికి వినపడకుండా చెప్పుకోవడం మొదలుపెట్టారు. మేడం ఇంట్లో గరిటె చప్పుడు కూడా కానివ్వదు. అలాంటి మనిషి ముందుకూ వెనక్కూ ఊగుతూ ఏడుస్తోంది.

నాకు అర్థమైపోయింది. పూనకం. మా ఊరి జాతరలో ఎన్నోసార్లు చూశాను. అమ్మ ఒంటి మీదికి వచ్చిన మనిషిని పడిపోకుండా ఒకరు వెనుక నుంచి పట్టుకోవాలి. అడగాల్సింది అప్పుడే అడగాలి, తర్వాత అడిగితే జవాబు రాదు. నేను గబగబా పోయి మేడం నడుం పట్టుకున్నాను. చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"తల్లీ, నువ్వు ఎవురో నాకు తెలీదు. మా బిడ్డ నిలుస్తాడా, చెప్పు తల్లీ. నీకేం కావాల్నో అడుగు, ఇస్తాను."

మేడం ఆగింది. కళ్లు తెరిచి వెనక్కి తిరిగి చూసింది. అది దేవత చూపు కాదు. రోజూ వంటింట్లో నన్ను చూసే చూపే. నేను పట్టుకుంది మామూలు మేడంనే అని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు తీసేస్తుంటే ఆమె పూర్తిగా నా వైపు తిరిగి నన్ను దగ్గరికి తీసుకుంది.

ఇక ఆపుకోలేకపోయాను. అన్ని రోజులు మింగినదంతా గొంతులోకి వచ్చింది. పెద్దగా రాగం తీసి ఏడ్చాను. ఆసుపత్రిలో అయితే "ఏమ్మా, బయటికి పో" అనేవాళ్లు. ఇక్కడ ఆ చప్పుడులో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు, వినపడినా ఎవరూ ఏమనలేదు. వాళ్ల గొంతులు తగ్గేసరికి నాదీ తగ్గింది. ఒళ్లు తేలికైపోయింది.

ప్రార్థన అయ్యాక అక్కడే భోజనాలు పెట్టారు. డ్రైవర్ కూడా పైకి వచ్చాడు.

"కండ్లు అట్ల ఉబ్బినాయేమక్కా?"

జరిగింది మెల్లగా చెప్పాను. తినే అన్నం పొలమారేదాకా నవ్వాడు.

"మేడంకు పూనకమా? ఏమడిగిందక్కా, కోడినా, పొట్టేలునా?"

"నవ్వద్దప్పా, నాకు తల కొట్టేసినట్ల ఉండాది."

"పూనకం గాదు. వీళ్ల ప్రార్థనే అట్ల, అందరూ ఒకేతూరి గట్టిగా చెప్పుకుంటారు. నేను మొదట కొట్లాట అనుకుంటి."

మేడం మా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో మాట్లాడింది. ఫోన్ తెలుగులో చెప్పింది. "ఈ రోజు మేమందరం మీ మనవడి కోసం అడిగాము."

నేను చుట్టూ చూశాను. ఎవరికి వాళ్లు అన్నం తింటున్నారు. నా పేరు కూడా తెలియని వాళ్లు. నాకు భయం పుట్టించిన ఆ అరుపులన్నీ నా బిడ్డ కోసమే.

అప్పుడు సంచిలో ఫోన్ గుర్తొచ్చి తీశాను. అమ్మాయి ఎన్నోసార్లు చేసి ఉంది. తిరిగి చేయడానికి ధైర్యం చాలలేదు. అత్త అన్న మాటే చెవుల్లో వినపడుతోంది. డ్రైవర్ నవ్వు ఆపి ఫోన్ తీసుకున్నాడు, తనే కలిపి నా చేతికిచ్చాడు.

"యాడుండావుమా? ఎన్నితూర్లు చేయాల?"

"బిడ్డకు ఏమైందే?"

"గొట్టం తీసేసినారుమా. వాడే ఊపిరి తీసుకుంటాండాడు. స్పూన్‌తో పాలు పోస్తే తాగినాడు. డాక్టరమ్మ ఇంగ భయం లేదు అనింది."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మేడం పరుగున వచ్చింది. డ్రైవర్ "బేబీ ఓకే మేడం, బేబీ ఓకే" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఏదో చెప్పగానే హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరో టెంకాయ చూసి ఏమిటని సైగ చేశారు. డ్రైవర్ దాన్ని మెట్ల మీద కొట్టి అందరికీ ముక్కలు పంచాడు.

మేడం కారులోనే నన్ను పుట్టపర్తికి పంపింది. దారిలో అత్తకు చెప్పాను. "నేను చెప్పలేదా, మారెమ్మ చూసుకుంటాదని" అంది. "ఔ అత్తా" అన్నాను. ఆ రోజు ఎవరేమన్నా నాకు ఔననే అనిపించింది.

ఆసుపత్రిలో బిడ్డను అమ్మాయి గుండె మీద పడుకోబెట్టి ఉన్నారు. గొట్టం ఉన్నన్ని రోజులూ వాడి గొంతు నేను వినలేదు. నేను పోయి నిలబడగానే కదిలాడు, మూతి వంకర పెట్టి సన్నగా మొదలుపెట్టాడు. అమ్మాయి కంగారు పడింది.

"మా, ఏడుస్తాండాడు."

"ఏడవనీలే" అన్నాను.