బావిలో మెకానిక్కు

ఆంధ్రుల చరిత్ర రాసేవాళ్ళు శాతవాహనుల దగ్గర మొదలుపెడతారు. వాళ్ళకు నాణేలు దొరికాయి, అది వాళ్ళ అదృష్టం. మా ఊరి చరిత్రకు నాణేలూ శాసనాలూ లేవు. ఉన్నదల్లా యలమంద కండువా. ఆ కండువా ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మారినప్పుడల్లా ఊళ్ళో ఒక ఘట్టం మొదలైనట్టు లెక్క. పంచాయతీ ఎన్నికలప్పుడు అది మారలేదు. నల్లతామర పురుగు తగిలి మిరపతోటలన్నీ ముడుచుకుపోయిన ఏడు కూడా మారలేదు. 'శూన్యంలో ఏడుగురు' అన్న మాట ఎవరి నోటివెంట వచ్చినా మాత్రం ఆ క్షణంలో మారేది. టీ కొట్టు బల్ల మీద ఉన్నవాళ్ళు వెంటనే గ్లాసులు కింద పెట్టేవారు. కొత్తవాళ్ళు వినడానికి, పాతవాళ్ళు లేచి వెళ్ళిపోవడానికి.

'శూన్యంలో ఏడుగురు' ఒక టీవీ సీరియల్. ఏ దేశంవాళ్ళు తీశారో, దాని అసలు పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు. ఊళ్ళోకి కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఏదో చానెల్ వాళ్ళు తెలుగులోకి మార్చి ఆదివారం పొద్దున వేసేవారు. ఏడుగురు మనుషులు ఒక నౌకలో గ్రహాలు పట్టుకు తిరుగుతుంటారు. వాళ్ళు ఏ గ్రహం మీద దిగినా అక్కడి జీవులు శుద్ధ గ్రాంథికం మాట్లాడేవి. వారానికో గ్రహం, గ్రహానికో గండం. దిగేటప్పుడు అంతా బాగానే ఉంటుంది, తీరా పని చివరికొచ్చే వేళకు ఆకాశం తిరగబడుతుంది. మా ఊరివాళ్ళకు ఇందులో కల్పన ఏమీ కనిపించలేదు. మేం వేసేది మిరపా, పత్తీ.

యలమంద పదో తరగతి దాకా చదువుకున్నాడు. ఆ తర్వాత చదువు అతన్ని వదిలేసింది, అతను కౌలుకు భూమి పట్టాడు. పక్క చేను బుల్లయ్యది. పక్కపక్క చేలవాళ్ళకు గట్టు దగ్గర తగాదా ఉండటం లోకరీతి. వీళ్ళిద్దరికీ గట్టు దగ్గర ఏ పేచీ లేదు, ఒక ఎపిసోడ్ దగ్గర ఉంది. దాన్ని ఊళ్ళో బావి ఎపిసోడ్ అంటారు.

అది ప్రసారమైన నాటి సంగతి వివరంగా చెప్పాలి. ఆ ఏడు మాఘంలో యలమందకు పెళ్ళయింది. పెళ్ళి కేసెట్ చుట్టాలకు చూపించడానికి ఇంకొల్లు నుంచి వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. అప్పట్లో అదొక పద్ధతి. పెళ్ళికి వచ్చి భోంచేసి వెళ్ళినవాళ్ళే మళ్ళీ వచ్చి, తాము భోంచేయడం చూసుకుని, కాఫీ తాగి వెళ్ళేవారు. ఆ సంబరం అయ్యాక ఆదివారం పొద్దున యలమంద ఒక సంగతి కనిపెట్టాడు. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు కోటేశ్వరి ఏడ్చిన చోట పెళ్ళి అయిపోయింది గానీ, కేసెట్ అయిపోలేదు. ఆ ఖాళీలో సీరియల్ రికార్డు చేస్తే శాశ్వతంగా పడి ఉంటుందనుకున్నాడు. కోటేశ్వరిని అడగలేదు. కొత్త పెళ్ళాన్ని అడిగే అలవాటు ఇంకా రాలేదు.

సీరియల్ మొదలైంది. వరండా నిండా జనం. ఎర్రటి దుమ్ము గ్రహం. అక్కడ నేలలో ఒక పెద్ద గొయ్యి, బావి లాంటిది. దాని అడుగున ఏదో యంత్రం ఆగిపోతే మన ఏడుగురిలో మెకానిక్కు తాడు పట్టుకుని దిగుతాడు. పైన దుమ్ము తుఫాను లేస్తుంది. నౌక లేవకపోతే అందరూ పోయేట్టున్నారు. కెప్టెన్ బావిలోకి తొంగి చూసి, "మేం వెనక్కి వస్తాం" అని వెళ్ళిపోతాడు. మెకానిక్కు దీపం పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. గాలి అయిపోతూ ఉంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. అప్పుడు పైనుంచి ఒక మోత వినిపిస్తుంది. మెకానిక్కు మొహం పైకెత్తుతాడు.

సరిగ్గా అప్పుడే పెద్ద ఉరుము. అది టీవీలోదే అనుకున్నాం. రెండోది ఉరిమాక గానీ అది మన ఆకాశమని తెలియలేదు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ వరండాలోంచి అందరికంటే ముందు పరిగెత్తింది బుల్లయ్య. వెనకాల ఊరు ఊరంతా, పారాణి వదలని కోటేశ్వరితో సహా. "రికార్డవుతుందిలే, సాయంత్రం చూద్దాం" అని యలమంద పరిగెడుతూనే అందరికీ హామీ ఇచ్చాడు. పట్టలు కప్పేలోపు కాయ తడిసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వీసీఆర్ ఆగి ఉంది. కేసెట్ నిండి ఆగిందనుకున్నాడు యలమంద. ఇంకొల్లు మనిషి సైకిలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వీసీఆర్ వెళ్ళిపోయింది, కేసెట్ మిగిలింది. తడిసిన కాయ రంగు పోయి తాలుకాయ ధరకే పోయింది కాబట్టి మళ్ళీ వీసీఆర్ అద్దెకు తెచ్చే ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎత్తే రోజులు వచ్చేసరికి లోకంలో వీసీఆర్లు లేవు.

ద్వైతాద్వైతాల తర్వాత తెలుగునేల మీద అంతటి చీలిక ఆనాడే వచ్చింది. ఆ మోత నౌకదే, కెప్టెన్ మాట తప్పడు, వచ్చాడు అని యలమంద. ఆ మోత తుఫానుది, నౌకా లేదు గీకా లేదు అని బుల్లయ్య. సంవత్సరాల తరబడి ఇద్దరూ తోటకు నీళ్ళు పెడుతూ, మందు కొడుతూ, మిర్చి యార్డులో వేలం కోసం కాయ నింపిన టిక్కీ బస్తాల మీద కూర్చుని దీన్నే వాదించారు. గెలుపు ఖాయమన్న ధీమా యలమందది. సాక్ష్యం అతని దగ్గరే ఉందిగా. ఇంట్లో ఎలుకలు, వాన కారుతుంది. అందుకని కేసెట్‌ను పాలిథీన్ కవర్లో చుట్టి, మిరపకాయల టిక్కీలో పెట్టి, నీలం తాడుతో మూతి కట్టి, గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పంపేవాడు. ధర లేని కాయ ఏళ్ళ తరబడి చెడకుండా ఉన్నచోట మెకానిక్కు చెడతాడా అని అతని తర్కం. టిక్కీ అమ్మినప్పుడు కేసెట్ తీసి కొత్త టిక్కీలో పెట్టేవాడు. "నా పెళ్ళిని మిరపకాయల్లో ఊరబెట్టాడు" అని కోటేశ్వరి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇలా ఉండగా బుల్లయ్య మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. పురుగుమందులు కొట్టీ కొట్టీ అని కొందరు, నీళ్ళు అని కొందరు, కర్మ అని మిగతావాళ్ళు. ఒంగోలు ఆసుపత్రిలో డయాలసిస్ మొదలైంది. భార్య బసవమ్మ పత్తితీతకు వెళ్తేనే ఇల్లు గడుస్తుంది కాబట్టి, అతని వెంట ఆటోలోనూ బస్సులోనూ వెళ్ళే బాధ్యత యలమందకు వచ్చింది. అక్కడ రెబ్కా అని చీరాల అమ్మాయి నర్సు. గొట్టాల్లో రక్తం తిరుగుతున్నంతసేపూ వీళ్ళు బావి ఎపిసోడ్ వాదించుకుంటుంటే, పాపం ఆమెకు మెకానిక్కు చుట్టమైపోయాడు. ఫోన్‌లో వెతికింది కూడా. అలాంటి సీరియల్ ఉందనే ఆధారం దొరకలేదు. మబ్బు పట్టిన రోజుల్లో యలమంద మధ్యలో ఆపి, ఉరమకముందే మోటారేసి నీళ్ళు పట్టుకోమని కోటేశ్వరికి ఫోన్ చేసి, మళ్ళీ వాదనలోకి దిగేవాడు.

ఒకరోజు తిరుగు బస్సులో బుల్లయ్య, ఇక రానన్నాడు. కోపంగా కాదు, కూర వద్దన్నట్టు చెప్పాడు. పొద్దున లేచి ఒంగోలు వెళ్ళడం, వచ్చి పడుకోవడం, తెల్లారితే లేవలేకపోవడం, లేవగలిగేసరికి మళ్ళీ ఒంగోలు. దీనికి ఆఖరంటూ లేదని యలమందకూ తెలుసు. అందుకే డాక్టరు చెప్పిన మాటలేవీ ఎత్తలేదు.

"కేసెట్ చూడకుండానే పోతావా? నేనే గెలిచానని ఊరంతా దండోరా వేయిస్తా" అన్నాడు.

బుల్లయ్య కిటికీలోంచి పొగాకు ఆరబెట్టే బ్యారన్లను లెక్కపెట్టాడు. తర్వాత పందెం వేశాడు.

"సరే. నౌక వచ్చిందనుకో, నువ్వు రమ్మన్నన్నాళ్ళు వస్తా. రాలేదనుకో, నన్నింక లేపొద్దు."

యలమంద చేతిలో చెయ్యేశాడు. జీవితంలో అతను ధర వస్తుందని నమ్మాడు, వాన ఆగుతుందని నమ్మాడు, నమ్మినవాటిలో ఇంకా అబద్ధమని తేలనిది ఇదొక్కటే.

పందెం సంగతి వినగానే రెబ్కా బెదిరిపోయింది. తర్వాతి డయాలసిస్ రోజున సూది గుచ్చుతూ, ఆ ఎపిసోడ్ తను చిన్నప్పుడు చూసిందనీ, ఇప్పుడే గుర్తొచ్చిందనీ, నౌక చక్కగా తిరిగొచ్చి మెకానిక్కును ఎక్కించుకుందనీ చెప్పింది.

"ఎక్కడ చూశావమ్మా?" అన్నాడు బుల్లయ్య.

"మా ఇంట్లోనే బాబాయ్, చీరాల్లో."

"ఆదివారం పొద్దున? చర్చి మానేసి?"

రెబ్కా ప్లాస్టరు అతికించి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక కేసెట్ తప్ప గతి లేదు. యలమంద గుంటూరు వెళ్ళి, కోల్డ్ స్టోరేజీలో నీలం తాడు టిక్కీ దింపించి, దాన్ని బయటికి తీశాడు. చీరాల్లో వాసిం అని పాత టీవీల మెకానిక్ దగ్గర పనిచేసే వీసీఆర్ ఒకటుందని తెలిసింది. వాసిం కేసెట్ మూత ఎత్తగానే తుమ్మాడు. ఆ తర్వాత మాట్లాడటానికి చాలాసేపు పట్టింది. టేపుకు బూజు పట్టిందనీ, చలికి కాదు చెమ్మకు పట్టిందనీ, స్పిరిటుతో తుడిస్తే మొదలు చివర పోయినా మిగతాది ఆడొచ్చనీ చెప్పాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడిచాడు. వీసీఆర్ చంకన పెట్టుకుని తనే ఊరికి వచ్చాడు. ఈ కాయ ఘాటు తన షాపులోంచి పోయేలోపు ఆఖరేమిటో తనకూ తెలియాలన్నాడు.

బుల్లయ్య ఇంట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, అతని మంచం టీవీకి ఎదురుగా జరిపారు. కోటేశ్వరి వచ్చింది, బసవమ్మ ఆ పూట పత్తికి వెళ్ళలేదు. వాసిం బటన్ నొక్కాడు.

ముందు పెళ్ళి వచ్చింది. రంగులు కారిపోయి, అందరూ కొంచెం ఆకుపచ్చగా ఉన్నారు. చనిపోయినవాళ్ళు చాలామంది బతికి తాంబూలాలు అందుకుంటున్నారు. పంక్తిలో పులిహోర బకెట్ పట్టుకుని వడ్డిస్తూ ఒక భారీ మనిషి కెమెరా వైపు చూసి నవ్వాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మోచేతుల దాకా కండ. మంచం మీది బుల్లయ్య ఆనాటి బుల్లయ్యను ఎవరినో చూసినట్టు చూశాడు. అప్పగింతల్లో కోటేశ్వరి ఏడ్చింది, ఒక గీత గీసినట్టయింది, తెరంతా ఎర్రదుమ్ము.

గ్రహం. గొయ్యి. తాడు. తుఫాను. "మేం వెనక్కి వస్తాం." ఇన్నేళ్ళుగా కంఠతా వచ్చిన మాట తెరమీద కొంచెం నీరసంగానే వినపడింది. మెకానిక్కు దీపం పక్కన కూర్చున్నాడు. పైన మోత. మొహం ఎత్తాడు.

తెర మీద చుక్కలు.

వాసిం ముందుకు తిప్పాడు, ఇంకా ముందుకు తిప్పాడు. చుక్కలే. "ఇంతవరకే ఎక్కిందండీ" అన్నాడు.

యలమంద వెనక్కి తిప్పించాడు. ఆ మొహం దగ్గర ఆపించాడు. "చూడరా, నుదుటి మీద వెలుగు పడింది. నౌక దీపాలవి."

"దుమ్మురా" అన్నాడు బుల్లయ్య.

ఆ మొహాన్ని మళ్ళీ మళ్ళీ వేశారు. చివరికి బుల్లయ్యే చెయ్యెత్తి ఆపమన్నాడు. పెళ్ళి పంక్తి ఇంకొక్కసారి వెయ్యమని అడిగాడు. పులిహోర బకెట్ వచ్చి, నవ్వి, వెళ్ళిపోయేదాకా చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒంగోలు వెళ్ళాల్సిన రోజు ఆటో వచ్చి గుమ్మంలో హారన్ కొట్టింది. బుల్లయ్య లేవలేదు. పందెం తేలలేదని, తేలని పందేనికి రెండువైపులా కట్టుబాటు లేదని యలమంద మంచం పక్కన కూర్చుని చాలా న్యాయశాస్త్రం చెప్పాడు. బుల్లయ్య అంతా విన్నాడు.

"తేలనప్పుడు ఎక్కడున్నవాణ్ణి అక్కడే కూర్చోనియ్యరా" అన్నాడు.

రెబ్కా ఫోన్ చేసింది, మళ్ళీ చేసింది. పత్తి ఆఖరి తీత కాకముందే బుల్లయ్య పోయాడు. పాడె మోసినప్పుడు యలమంద కుడి భుజం ఇచ్చాడు. కండువా ఎడమవైపే ఉంది. అది ఇప్పటికీ అటే ఉంది.

రికార్డు అక్కడే ఎందుకు ఆగిందన్నదాని మీద టీ కొట్టులో పండిత చర్చలు జరిగాయి. బూజు తిందని ఒకరు, కోల్డ్ స్టోరేజీ చలి అని ఒకరు, మిరప ఘాటుకు అక్షరాలే చెరిగిపోతాయి, బొమ్మలెంత అని మరొకరు. ఉపగ్రహం మీద కూడా అనుమానం వ్యక్తమైంది. యలమంద ఏ పక్షమూ తీసుకోకుండా టీ తాగి వెళ్ళిపోయేవాడు.

మొన్న మధ్యాహ్నం మబ్బేసింది. టీ కొట్టులో చర్చ ఉపగ్రహం దాకా వచ్చేసరికి గట్టిగా ఉరిమింది, నెత్తిమీద ఫ్యాన్ ఆగిపోయింది. ఎవరూ పైకి చూడలేదు. మా ఊళ్ళో ఉరిమితే కరెంటు తీసేస్తారు. ఎప్పుడూ అంతే.